విఠల్ సార్ మ్యాట్నీ క్లాసు

మొన్న ఆదివారం స్రవంతి మా ఇంటికి వచ్చింది. నా దగ్గర ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ చదివిన చివరి బ్యాచ్ పిల్ల. ఇప్పుడు తనకే లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. వెలిమెలలో మా అపార్ట్‌మెంటు కనుక్కోవడానికి చాలాసేపు తిరిగిందట. తిరగక తప్పదు, ఇక్కడ బిల్డింగులన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి. కొనేటప్పుడు మా బాల్కనీలోంచి చెరువు కనిపిస్తుందన్నారు. ఇప్పుడు ఎదురు టవరు వాళ్లు ఆరేసిన దుప్పట్లు కనిపిస్తాయి.

టీ తాగుతూ అసలు సంగతి బయటపెట్టింది.

"మేడమ్, కొత్తోళ్లకు రెండు దినాలు ట్రైనింగ్ ఇచ్చిండ్రు. పిల్లలను ఇన్‌స్పైర్ చెయ్యాలె, ఇన్‌స్పైర్ చెయ్యాలె అని ఒకటే చెప్పుడు. ఎట్ల చెయ్యాల్నో మాత్రం ఒక్కలు చెప్పలే. మీరు జెర చెప్పుండ్రి."

"పాఠం చెప్పే మనిషికి ఏమేం ఉండాలన్నారు?"

"ఓపిక ఉండాలె, ప్రేమ ఉండాలె, మంచి గొంతు ఉండాలె, నవ్వుకుంట చెప్పాలె, టైముకు రావాలె, పిల్లల కండ్లలకు సూసి మాట్లాడాలె..."

ఇన్ని సుగుణాలున్న మనిషిని నా సర్వీసు మొత్తంలో చూడలేదు. ఉంటే గింటే పెళ్లిళ్ల పేరయ్యల మాటల్లో ఉండాలి. ఆ మాటే అన్నాను. స్రవంతి నవ్వింది గానీ ఆ పిల్లకు కావలసింది అది కాదని నాకు తెలుసు. మొదటి రోజు క్లాసులోకి వెళ్లే ముందు ఎలా ఉంటుందో నేనూ ఎరుగుదును. ఆ పూట సరిగ్గా చెప్పలేకపోయాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. అవి అందరికీ ఒకేలా ఆలస్యంగా వస్తాయి, అందులో నేర్చుకునేదేమీ లేదు.

గొంతు సంగతి

నేను పుట్టింది కోస్తాలో. మా నాన్నగారికి ఇక్కడి ప్రభుత్వరంగ ప్లాంటులో ఉద్యోగం రావడంతో చిన్నప్పుడే వచ్చి క్వార్టర్స్‌లో పెరిగాను. చదువు, ఉద్యోగం, రిటైర్మెంటు అన్నీ ఈ సంగారెడ్డి రోడ్డు మీదే. అయినా నోట్లోంచి "అండీ" పోలేదు. సంగారెడ్డిలో మా పీజీ కాలేజీ పిల్లలు నాకు 'అండీ మేడమ్' అని పేరు పెట్టారు. ఎదురుగా కాదు లెండి, వరండాలో, నాకు వినిపించేంత దూరంలో.

మా డిపార్ట్‌మెంటులో గొప్ప గొంతు వామనరావు గారిది. ఆయన ఆర్గానిక్ కెమిస్ట్రీ చెబుతుంటే పక్క బిల్డింగులో కామర్స్ పిల్లలకు కూడా బెంజీను గురించి తెలిసిపోయేది. పాఠం మధ్యలో పద్యం, పద్యం మధ్యలో జోకు, చివర్న జీవితం గురించి నాలుగు ముక్కలు. పిల్లలు ఈలలు వేసేవారు. ఒకరోజు ఆయన క్లాసులోంచి బయటికి వస్తున్న పిల్లవాణ్ణి ఆపాను.

"ఏం చెప్పారండీ ఇవాళ సారు?"

"మస్తు చెప్పిండు మేడమ్!"

"అదే, ఏం చెప్పారు?"

వాడు ఆలోచించాడు. పక్కవాడి మొహం చూశాడు. వాడు ఇంకొకడి మొహం చూశాడు.

"గదే మేడమ్... మస్తు చెప్పిండు."

వామనరావు గారిని తక్కువ చేయడం లేదు. ఆయన వల్ల కాలేజీ అంటే భయం పోయిన పిల్లలున్నారు, అది చిన్న సంగతి కాదు. కానీ చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. మనం బాగా చెబుతున్నామన్న ఆనందంలో వినేవాడు ఎప్పుడు జారిపోయాడో కనిపించదు. ఈల కూడా వేస్తున్నాడంటే అసలే కనిపించదు.

ఇక మా హెడ్డు విఠల్ రెడ్డి గారు. ఇక్కడి పల్లెలోనే తరాలుగా వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఆయన బోర్డు వైపు తిరిగి మాట్లాడేవారు. గోడకు చెప్పుకున్నట్టు అంటాం చూడండి, ఆయన విషయంలో అది రోజూ జరిగేదే. ముందు బెంచీకి సగం వినిపించేది, వెనక బెంచీకి అదీ లేదు. గంట కొట్టేసరికి జుట్టుకు, మీసానికి, చొక్కా జేబుకు సుద్దపొడి. ట్రైనింగులో స్రవంతికి చెప్పినవాటిలో ఆయనకు ఉన్నది ఒక్కటే, టైముకు రావడం. అదీ ఆయన ఎక్కే బస్సు ఆ టైముకే వస్తుంది కాబట్టి.

అటువంటి మనిషి క్లాసుకు పిల్లలు ఎందుకు పరుగెత్తేవారో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

"అర్థమైందా?"

మేమంతా పాఠం చివర "అర్థమైందా?" అని అడిగేవాళ్లం. పిల్లలంతా "ఐంది సార్" అనేవారు. పెళ్లిలో "భోజనం బాగుందా?" అని అడగడం లాంటిదే ఇది. నిజం ఎవరూ చెప్పరు, చెబుతారని అడిగినవాళ్లూ అనుకోరు.

విఠల్ సార్ ఆ మాట ఎప్పుడూ అడగలేదు. పాఠం కాగానే చేతులు దులుపుకుని, వెనక బెంచీ దాకా నడిచి వెళ్లి, అందరికంటే దిగాలు మొహం వేసుకున్నవాడి పక్కన కూర్చునేవారు.

"ఏడ తప్పిపోయినవ్ బిడ్డా?"

సంతలో దారి తప్పినవాణ్ణి అడిగినట్టు అడిగేవారు. తప్పిపోయి ఉంటావని ముందే ఒప్పేసుకున్న ప్రశ్న అది. ఇక సిగ్గుపడటానికి ఏముంది? పిల్లవాడు బోర్డు వైపు చూసి "గా నడిమి లైను కాడ సార్" అనేవాడు. సార్ లేచి ఆ లైను దగ్గరికి వెళ్లేవారు. ఇంకొకడు ధైర్యం చేసి "నేను గంతకు ముందుగాలనే సార్" అనేవాడు. సార్ ఇంకా వెనక్కి వెళ్లేవారు. ఒక్కోసారి ఎం.ఎస్సీ. పాఠం వెనక్కి వెనక్కి పోయి ఇంటర్మీడియట్‌లో తేలేది. సిలబస్ మాత్రం ఏటా పూర్తయ్యేది. ఎలా పూర్తయ్యేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

శ్రీశైలం నిద్ర

శ్రీశైలం ఇంద్రేశం దగ్గరి పిల్లవాడు. వాళ్ల పొలం ముక్కలు ముక్కలుగా ప్లాట్లయిపోయింది. తండ్రి ఇప్పటికీ ఆ సిమెంటు రోడ్ల మీద నడుస్తూ ఇది మన మక్క చేను, ఇది మన బాయి గడ్డ అని చెబుతాడట. కొడుకు పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో టెంపరరీగా పనిచేస్తూ మా దగ్గర ఎం.ఎస్సీ. చదివేవాడు. కంపెనీలో వారానికో షిఫ్టు.

రాత్రి షిఫ్టు వారం కంపెనీ నుంచి తిన్నగా కాలేజీకి వచ్చేవాడు. పక్క నుంచి వెళితే చొక్కాలోంచి సాల్వెంటు వాసన. తల బెంచీ మీద పెట్టడం, నిద్రపోవడం ఒకేసారి జరిగేవి. పొద్దటి షిఫ్టు వారం వాడు వచ్చేసరికి క్లాసులు అయిపోయేవి. హాజరు తక్కువైతే పరీక్షకు కూర్చోనివ్వరు. కూర్చోనిచ్చినా ఏం రాస్తాడో తెలియదు. ఈ ఫ్యాక్టరీల బెల్టులో ఇటువంటి పిల్లలు కొత్త కాదు. రెండో ఏడు మధ్యలో నెమ్మదిగా మాయమైపోతారు. మళ్లీ ఎప్పుడో కంపెనీ బస్సు కిటికీలోంచి నమస్తే పెడతారు. శ్రీశైలం కూడా ఆ దారినే ఉన్నాడని మా అందరికీ కనిపిస్తూనే ఉంది.

వామనరావు గారు ఒకరోజు వాణ్ణి స్టాఫ్ రూముకు పిలిచారు.

"కలలు కనాలి నాయనా! చిన్న కలలు కాదు, మహత్తరమైన కలలు కనాలి!"

"కలలు రావాల్నంటే నిద్ర వట్టాలె గద సార్" అన్నాడు శ్రీశైలం చేతులు కట్టుకుని. "మీ క్లాసుల గదే జేస్తున్న."

స్టాఫ్ రూము మొత్తం పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా వామనరావు గారే నవ్వారు, అది ఆయన గొప్పతనం.

విఠల్ సార్ మాత్రం నవ్వలేదు. కుర్చీ లాగి వాణ్ణి కూర్చోబెట్టారు.

"ఏడ తప్పిపోయినవ్ బిడ్డా?"

వాడి మొహంలో వెటకారం పోయింది. తల వంచుకున్నాడు.

"షురూ నుంచే సార్."

"గట్లనా. అయితే షురూ కాడికే పోదాం పా."

మార్నింగ్ షో, మ్యాట్నీ

పొద్దటి షిఫ్టు ఎప్పుడు వదులుతారని సార్ అడిగారు. రెండింటికి వదులుతారని, కాలేజీకి చేరేసరికి మూడు దాటుతుందని వాడు చెప్పాడు.

"రా మరి. పొద్దుగాల చెప్పిందే మల్ల చెప్త."

అలా మధ్యాహ్నం ఒక్కడి కోసం పాఠం మళ్లీ మొదలైంది. పిల్లలు ఊరుకుంటారా? పొద్దటి క్లాసుకు మార్నింగ్ షో అని, దీనికి మ్యాట్నీ అని పేర్లు పెట్టారు. మొదట మ్యాట్నీకి శ్రీశైలం ఒక్కడే. తర్వాత బస్సు తప్పిపోయినవాళ్లు ఇద్దరు కూర్చున్నారు. తర్వాత బస్సు వచ్చినా ఎక్కనివాళ్లు కూర్చున్నారు. చివరికి మార్నింగ్ షో ఖాళీ, మ్యాట్నీ హౌస్‌ఫుల్.

మా ప్రిన్సిపాల్ గారు మంచివారే గానీ టైమ్ టేబుల్ అంటే ఆయనకు దైవభక్తి. సార్‌ను పిలిచారు, పక్కన నేనూ ఉన్నాను.

"రెడ్డి గారూ, పొద్దున మీ క్లాసులో నలుగురు కూడా లేరు. టైమ్ టేబుల్లో లేని క్లాసులో మాత్రం కూర్చోవడానికి చోటు లేదు. ఇదేం పద్ధతండీ?"

"పొద్దుగాల్ది జెర కచ్చాగ ఉంటది సార్. వీళ్లు ఏడేడ తప్పిపోయిండ్రో తెల్సినంక మధ్యాహ్నంది మంచిగొస్తది. పోరగాళ్లు హుషారు, మంచిదానికే వస్తుండ్రు."

"అయితే ఆ మంచిదేదో పొద్దున్నే చెప్పొచ్చుగా?"

"పొద్దుగాల చెప్పకుంటే ఏడ తప్పిపోతరో ఎట్ల తెలుస్తది సార్?"

ప్రిన్సిపాల్ గారు ఫ్యాను స్పీడు పెంచమన్నారు. మరుసటి వారం మ్యాట్నీ కూడా టైమ్ టేబుల్లోకి ఎక్కింది, హాజరుతో సహా. కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లకు ఒక మాట. మనల్ని మెచ్చుకునే బాసు కోసం ఎదురుచూడకండి. వాదించి అలిసిపోయే బాసు దొరికితే చాలు, బోలెడు మంచి పనులు చేసుకోవచ్చు.

ఒక మ్యాట్నీకి నేనూ వెనక కూర్చున్నాను. సార్ బోర్డు మీద ఒక సమీకరణం రాస్తున్నారు. ఆ వారం శ్రీశైలం బాగా నిద్రపోయి వచ్చినట్టున్నాడు, చెయ్యెత్తాడు.

"సార్, గా లైను నుంచి గీ లైనుకు ఎట్లొచ్చింది?"

పుస్తకంలో ఆ రెండు లైన్ల మధ్య 'దీన్ని సులభంగా నిరూపించవచ్చు' అని ఉంటుంది. ఈ శాస్త్రం చదివినవాళ్లకు తెలుసు, ఎక్కడ సులభం అని రాస్తారో అక్కడే గొయ్యి ఉంటుంది. సార్ వెనక్కి జరిగి చూశారు. దగ్గరికెళ్లి చూశారు. సుద్దముక్కతో మీసం గోక్కున్నారు.

"అగో! ఈడ నేను గూడ తప్పిపోయిన" అన్నారు.

వామనరావు గారు ఇది తెలిసి విలవిల్లాడిపోయారు. "హెడ్డు హోదాలో ఉండి పిల్లల ముందు తెలియదనడమా! డిపార్ట్‌మెంటు పరువేం కావాలండీ?" నాకూ ఒక క్షణం అలాగే అనిపించింది. కానీ ఆ సాయంత్రం బస్టాండులో మా పిల్లలు గుంపుగా నిలబడి గొడవపడుతున్నారు. ఏమిటా అని వెళ్లి చూస్తే ఆ లైను గురించి. ఒకడు బస్సు టికెట్ వెనక లెక్క వేస్తున్నాడు. ఈలలు వేయించుకున్న పాఠాల గురించి బస్టాండులో ఎవరూ కొట్లాడుకోగా నేను చూడలేదు.

మిఠాయి డబ్బా

ఆ లైను ఇంకా తేలలేదు. ఈలోగా శ్రీశైలం మిఠాయి డబ్బాతో స్టాఫ్ రూముకు వచ్చాడు.

"పర్మినెంట్ జేసిండ్రు మేడమ్. రేపటి సంది జనరల్ షిఫ్ట్. పగలంత డ్యూటీనే, ఇగ కాలేజీ బంద్."

నవ్వుతూనే చెప్పాడు. ఆఖరి సెమిస్టరు, ఇంకొన్ని నెలల్లో పరీక్షలు. వామనరావు గారు లేచి భుజం మీద చెయ్యి వేసి, ఇంతదాకా వచ్చి ఒడ్డున మునగొద్దని చెప్పారు. నేను మా నాన్నగారి ప్లాంటు ఉద్యోగంతో మొదలుపెట్టి, ఆయన నన్ను చదివించడానికి పడిన పాట్లన్నీ చెప్పాను. వాడు ఓపికగా విన్నాడు.

"మీరు చెప్పేది నిజమే మేడమ్. గని మా నాయిన పొద్దుగాల సంది వాడవాడంత తిరిగి చెప్పొచ్చిండు, కొడుకు పర్మినెంట్ అయిండని."

నేను మిఠాయి డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టాను.

అప్పుడే విఠల్ సార్ వచ్చారు. సంగతి విన్నారు. ఒక కోవా బిళ్ల తీసి నోట్లో వేసుకున్నారు.

"మంచి కబురు చెప్పినవ్. నాయిన సంబురపడ్డడా?"

"మస్తు సార్."

"మంచిది" అని ఇంకోటి తీసుకున్నారు. నాకు ఒళ్లు మండింది. డబ్బా లాక్కుందామనిపించింది. ఏదైనా చెప్పండి సార్ అని కళ్లతో సైగలు చేస్తున్నాను. ఆయన నింపాదిగా చేతిరుమాలుతో వేళ్లు తుడుచుకున్నారు.

"గా లైను మాత్రం నన్ను పరేషాన్ జేస్తున్నదిరా. పోయేముందు ఒక్కపారి సూద్దాం పా."

ఇద్దరూ బోర్డు దగ్గరికి వెళ్లారు. పిల్లలు పోగయ్యారు. ఒక దారిలో వెళ్లారు, రాలేదు. బోర్డు తుడిచి ఇంకో దారిలో వెళ్లారు, అదీ రాలేదు. మధ్యలో మిఠాయి డబ్బా ఖాళీ అయింది, ఎవరు తిన్నారో ఎవరికీ తెలియదు. చివరికి శ్రీశైలం గడియారం చూసుకుని, సార్ కాళ్లకు దండం పెట్టి బయల్దేరాడు. గుమ్మం దాటబోతూ ఆగాడు.

"సార్, ఎడమ దిక్కుది ముందుగాల విడగొట్టి సూస్తే ఎట్లుంటది?"

"సూడొచ్చు. రేపు సూద్దాం."

"రేపటి సంది జనరల్ షిఫ్ట్ గద సార్. ఐదున్నరకు ఇడుస్తరు."

"అయితే ఫస్ట్ షో ఏద్దాం."

టీ తాగుదాం అన్నంత మామూలుగా అన్నారు సార్. పిల్లలు గొల్లుమన్నారు. శ్రీశైలం గుమ్మంలోనే నిలబడిపోయాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు, మొహం అటు తిప్పుకున్నాడు.

"మీకు బస్సు సార్?"

"బస్సులు పొద్దుగూకినంక గూడ నడుస్తయి బిడ్డా. నువ్వు రా."

వాడు వెళ్లాక అడిగాను. "సార్, మీకు నిజంగానే రాలేదా? వాణ్ణి ఆపడానికి అలా చేశారా?"

"నిజంగనే రాలే మేడమ్" అన్నారు కొంచెం సిగ్గుపడుతూ. నేను నమ్మాను. ఆయనకు నటన వస్తే గొంతు కూడా వచ్చి ఉండేది.

ఫస్ట్ షో మొదలైంది. వంతులవారీగా మేమూ వేశాం, గొణుక్కుంటూనే. వామనరావు గారి వంతు వచ్చిన రోజు పాఠం బస్టాండు దాకా వినిపించింది. వాచ్‌మన్ నన్ను ఆపి "సెకండ్ షో గూడ ఉంటదా మేడమ్?" అని అడిగాడు. ఆ లైను ఒక సాయంత్రం తేలింది. ఎవరికి తట్టిందని ఇప్పుడడిగితే ఆ బ్యాచ్‌లో ముగ్గురు నలుగురు తమకే అంటారు.

శ్రీశైలం పరీక్షలు రాశాడు. ఒక్కటి తప్ప అన్నీ పాసయ్యాడు. ఆ ఒక్కటి వామనరావు గారి పేపరు. ఆ క్లాసులో నిద్ర బాగా పట్టేది కదా. తర్వాత అదీ గట్టెక్కాడు.

చివరి టూరు

విఠల్ సార్ రిటైరయ్యాక కొన్నేళ్లకు పోయారు. ఆయన తర్వాత మా డిపార్ట్‌మెంటులో మ్యాట్నీ కూడా ఆగిపోయింది. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నా ఉద్యోగం ఆఖరి ఏడాది పిల్లల్ని ఇండస్ట్రియల్ టూరుకు తీసుకెళ్లాను. శ్రీశైలం వాళ్ల కంపెనీకే. అప్పటికి వాడు కొత్తగా చేరినవాళ్లకు శిక్షణ ఇస్తున్నాడు. మేము వెళ్లేసరికి సేఫ్టీ క్లాసు నడుస్తోంది. ఎదురుగా బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కార్మికులు, కొత్త హెల్మెట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మేము చప్పుడు చేయకుండా తలుపు దగ్గర నిలబడ్డాం.

శ్రీశైలం మమ్మల్ని చూడలేదు. ఎలా చూస్తాడు, బోర్డు వైపు తిరిగి మాట్లాడుతున్నాడు. హిందీలో ఏదో గొణుగుతున్నాడు, ముందు వరుసకైనా వినిపిస్తోందో లేదో. చొక్కా చేతికంతా మార్కరు మరకలు. నా పిల్లలు కిసుక్కున నవ్వారు. నవ్వినవాళ్లలో స్రవంతి కూడా ఉంది. నేను వారించలేదు, నాకూ నవ్వొచ్చింది. ఆ గొంతు, ఆ నిలబడే తీరు, ఏదీ వదలకుండా నేర్చుకున్నాడు మహానుభావుడు.

అంతలో వాడు మార్కరు కింద పెట్టాడు. చేతులు దులుపుకున్నాడు. మధ్యలోంచి నడుచుకుంటూ ఆఖరి వరుసకు వెళ్లి, కిటికీలోంచి బయటికి చూస్తున్న ఒక బక్కపలచని మనిషి పక్కన కూర్చున్నాడు.

"కిధర్ భటక్ గయే భాయ్?"

ఏడ తప్పిపోయినవ్ అన్న మాటే, హిందీలో. నా నవ్వు ఆగిపోయింది. ఆ మనిషి కంగారుగా చుట్టూ చూశాడు. తిడతాడనుకున్నట్టున్నాడు. ఎవరూ తిట్టకపోయేసరికి తల వంచుకుని మెల్లగా అన్నాడు.

"షురూ సే, సర్."

శ్రీశైలం లేచాడు. బోర్డు దగ్గరికి తిరిగి వెళ్లి, అప్పటిదాకా రాసిందంతా తుడిచేశాడు.

"చలో. వహీఁ సే చల్తే హైఁ."